నాన్నగారి లండన్ జాబితా

జూన్ నెల దగ్గర పడుతోందంటే చాలు, ఊరి నుంచి ఫోన్లు మొదలవుతాయి. "ఈ వేసవికి మేమూ లండన్ వస్తున్నాం, ఏమేం చూడాలో కాస్త రాసి పంపించు బాబూ" అని. అడిగేవారు ఏదో ఒక వరసలో చుట్టాలే అయి ఉంటారు కనుక కాదనడానికి వీలుండదు. మొదట్లో నేనూ శ్రద్ధగానే రాసి పంపేవాణ్ణి. బిగ్ బెన్, దానికి ఎదురుగా థేమ్స్ ఆవలి ఒడ్డున తిరిగే జెయింట్ వీల్, బకింగ్‌హామ్ రాజప్రాసాదం ముందు కాపలా మారే తంతు, టవర్ బ్రిడ్జి, మైనపు బొమ్మలు. ఈ జాబితాను చురుకైనవాళ్ళు రెండు రోజుల్లో ముగిస్తారు. ముగించి, ఫొటోలు చూపించి, "లండన్ చూసేశాం" అంటారు. చూసెయ్యడం అన్న మాటలో ఉన్న ఆ "ఎయ్యడం" మీద నాకు ఎప్పటినుంచో ఒక చిన్న కినుక. భోంచేసెయ్యడం, స్నానం చేసెయ్యడం లాగా ఒక నగరాన్ని కూడా చూసెయ్యవచ్చునన్నమాట!

2024 వేసవిలో అమ్మా నాన్నగారూ వచ్చి పది వారాలున్నారు. జాబితా రాయవలసిన అవసరం నాకు కలగలేదు. నాన్నగారే రాసుకుని తెచ్చుకున్నారు. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, నాలుగు మడతలు, పెద్ద పెద్ద అక్షరాలు. అందులో ఉన్నవి మూడే. ఒకటి, అమరావతి రాళ్ళు. రెండు, బ్రౌను దొర ఇల్లు, సమాధి. మూడోది అమ్మ చెబితే రాశారట: కోహినూరు. అక్షరాలు అంత పెద్దవిగా ఎందుకున్నాయో నాకు తెలుసు. నాన్నగారికి నీటికాసులు. ఎడమ కన్ను ఇంచుమించు పోయింది. కుడి కంటిలో పక్కచూపు నశించి, మధ్యన ఒక గొట్టంలోంచి చూసినంత మేర మిగిలింది. ఈ జబ్బులో పోయిన చూపు తిరిగిరాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవడమే. సత్తెనపల్లిలో ముప్పై మూడేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి, బ్రౌను నిఘంటువు అంచులు నలిగిపోయేదాకా తిరగేసిన మనిషి, ఇప్పుడు ఆ నిఘంటువులోని అక్షరాలు చదవలేరు. అందుకని ఆ వేసవి మాకు విహారయాత్రగా తోచలేదు. గడువున్న పనిలా తోచింది.

ముందు ప్రయాణం సంగతి చెబుతాను, మీ ఇంటికి పెద్దవాళ్ళు వస్తే పనికొస్తుంది. భూగర్భ రైళ్ళను నేను వాడలేదు. ఎక్కడబడితే అక్కడ మెట్లు, పైగా లోతున నడిచే పాత మార్గాల్లో ఏసీ ఉండదు. (2022 జూలై 19న ఈ దేశంలో చరిత్రలో మొదటిసారి 40 డిగ్రీలు దాటితే పత్రికలన్నీ ప్రళయం వచ్చినట్టు రాశాయి. ఆ మాట చెబితే, పల్నాడు ఎండల్లో పుట్టి పెరిగిన అమ్మ జాలిపడింది.) ఎర్ర బస్సే మేలు. 2024లో టికెట్టు 1.75 పౌండ్లుండేది. ఒకసారి చెల్లిస్తే గంటలోపు ఎన్ని బస్సులైనా మారవచ్చు. 15 నంబరు బస్సు ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి సెయింట్ పాల్ చర్చి మీదుగా టవర్ దాకా వెళుతుంది. టూరిస్టు బస్సుకు ఇచ్చే డబ్బులో పదోవంతు కూడా కాదు. ఇక రోజు ఎంత పొడుగంటే, జూన్ చివర్లో సూర్యుడు రాత్రి తొమ్మిదీ ఇరవై దాటితేగాని అస్తమించడు. "ఈ ఊళ్ళో సంజెదీపం ఏ వేళకి పెట్టాలిరా?" అని అమ్మ మొదటి వారమంతా తికమకపడింది. చివరికి గుంటూరు వేళలనే ఖాయం చేసుకుని, మిట్టమధ్యాహ్నపు వెలుగులో దీపం పెట్టేది.

కోహినూరుతో మొదలుపెట్టాము. టవర్ ఆఫ్ లండన్ టికెట్టు ముప్పై పౌండ్లు దాటుతుంది, పెద్దవాళ్ళకి కొంత తగ్గింపు ఉంది. నగల గదిలో వెలుతురు తక్కువ. కిరీటాల ముందు ఎవరూ నిలబడిపోకుండా నేలే కదులుతూ ఉంటుంది. ఎయిర్‌పోర్టుల్లో ఉండే నడిచే పట్టీ వంటిది. కోహినూరు ఉన్నది 1937లో అప్పటి ఎలిజబెత్ రాణికోసం చేయించిన కిరీటంలో, ముందరి సిలువ నడుమ. 1849లో పంజాబును కలుపుకున్నప్పుడు పదేళ్ళ పిల్లవాడైన దలీప్ సింగు చేత ఒడంబడికలో రాయించుకున్న రాయి అది. 1851లో హైడ్ పార్కులో జరిగిన మహాప్రదర్శనలో పెడితే, ఇంత పేరున్న వజ్రం ఇలా మెరవకుండా ఉందేమిటని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడు దాన్ని తిరిగి సానపట్టించారు. 186 క్యారట్లది 105.6 క్యారట్లకు దిగింది. 2023 పట్టాభిషేకానికి కమిల్లా రాణి ఈ కిరీటం జోలికి పోకుండా వేరే కిరీటం పెట్టుకున్నారు.

మొదటిసారి పట్టీ మీద వెళ్ళినప్పుడు నాన్నగారి చూపు కిరీటాన్ని పట్టుకునేలోగానే మేము దాటిపోయాము. రెండోసారి అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఇంకాస్త పైకి.. ఎడంపక్కకి.. ఆ సిలువ మధ్యలోనండీ" అని దారి చెప్పింది. మూడోసారికి కనబడింది. "ఊఁ" అన్నారు. బయటికి వచ్చాక అమ్మ మాత్రం, "దీనికా ఇన్ని యుద్ధాలు? మా మేనత్త ముక్కుపుడక ఇంతకన్నా మెరిసేది" అంది. కోహినూరు కొల్లూరు గనిలో దొరికిందని అంటారు. నిక్కంగా ఎవరూ తేల్చలేదు. అదే నిజమైతే అది మా అమ్మ పుట్టింటి నుంచి ఒక పూట ప్రయాణమంత దూరం. ఆ కొల్లూరూ లేదిప్పుడు, పులిచింతల నీళ్ళలో మునిగిపోయింది.

ఇక బ్రిటిష్ మ్యూజియం. ప్రవేశం ఉచితం, ముందుగా వేళ నిర్ణయించుకుని ఇంటర్నెట్‌లో టికెట్టు తీసుకుంటే వరసలో నిలబడే శ్రమ తగ్గుతుంది. శుక్రవారాల్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. పిల్లల గుంపులు వెళ్ళిపోయిన ఆ సాయంకాలపు వేళే పెద్దవాళ్ళకు హాయి. ముందు ద్వారం కాక, వెనక మాంటేగ్ ప్లేస్ వైపునుంచి వెళితే భారతదేశపు గది, అంటే 33వ నంబరు, దగ్గర. దానికి ఆనుకుని 33ఏ, అద్దాల వెనక, గాలిలో తేమను అదుపుచేస్తూ ఉంచిన గది. అమరావతి శిల్పాల కోసమే కట్టినది. ఆ గది ఆ రోజు తెరిచి ఉందో లేదో ముందుగా విచారించుకుని బయలుదేరడం మంచిది.

ఈ రాళ్ళ కథ నాన్నగారికి కంఠతా వచ్చు, గదిలోకి అడుగుపెట్టకముందే మొదలుపెట్టారు. చింతపల్లి నుంచి రాజధానిని మార్చి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టిస్తున్న రోజులు. దీపాల దిన్నె అని ఊరివాళ్ళు పిలిచే మట్టిదిబ్బలో ఇటుకలూ చలువరాళ్ళూ ఉన్నాయని తెలిసి తవ్వుకుపోయారు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, మళ్ళీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరి, అక్కడ కొన్నేళ్ళు పడి ఉండి, 1859లో ఓడ ఎక్కాయి. 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. మిగిలినవాటిలో హెచ్చుభాగం మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. అమరావతిలో ఉన్నది దిబ్బ, దాని పక్కన ఒక చిన్న మ్యూజియం. ఎన్ని రాళ్ళు సున్నపు బట్టీల్లో కాలిపోయాయో లెక్కలేదు.

"ఇక్కడికి తెచ్చారు కాబట్టి బతికాయి అంటారు కొందరు, దొంగసొత్తు అంటారు కొందరు. ఏది నిజం నాన్నగారూ?" అని అడిగాను.

"సున్నం చేసుకున్నదీ మనమే, మోసుకుపోయిందీ వాళ్ళే. ఒకదానికి ఇంకొకటి జవాబు కాదురా" అన్నారు.

నా మాట చెప్పమంటే, తిరిగి ఇవ్వాలనే నేను అంటాను. 1963 నాటి చట్టం చూపించి మ్యూజియం వారు తమ చేతులు కట్టేసి ఉన్నాయంటారు. కట్టినవారు విప్పలేరా? కాకపోతే, తిరిగి వస్తే వాటిని ఎక్కడ పెడతాము, ఎలా పెడతాము అన్న ప్రశ్నకు కూడా మన దగ్గర సిద్ధంగా జవాబుండాలి. ఆ జవాబు నాకు ఇంకా ఎక్కడా వినబడలేదు.

గదిలో మేము రెండు గంటలున్నాము. అందరూ పది నిమిషాల్లో దాటిపోయే గది అది. ఈ శిల్పాల్లో ఖాళీ స్థలం ఉండదు. ఒక ఫలకంలో స్తూపం, దాని చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, అయిదేసి ఆయక స్తంభాలు, గాలిలో ఎగిరే దేవతలు, చేతులు జోడించిన జనం, అందరూ ఒకరినొకరు తోసుకుంటూ ఉంటారు. మామూలు కళ్ళున్నవాడికి అది తిరునాళ్ళలాగా ఉంటుంది, దేన్ని చూడాలో తోచదు. నాన్నగారు అద్దానికి జానెడు దూరంలో నిలబడి, తన గొట్టంచూపును ఒక మూలన నిలిపి, అక్కడినుంచి అంగుళం అంగుళం జరుపుకుంటూ పోయారు. "నాకు కనబడేది పిడికెడు మేర. వీడు చెక్కిందీ పిడికెడు పిడికెడుగానే" అని నవ్వారు. నేను గమనించనివి ఆయన చెబుతుంటే చూశాను. పూలదండ మోస్తున్నవాళ్ళలో ఒకడు బరువుకి ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. మోస్తున్నది పూలే అయినా బరువు బరువే కదా.

అమ్మకి బౌద్ధం గొడవ పట్టలేదు. ఆమె చూసింది ఆడవాళ్ళ కాళ్ళు. "చూడరా, ఎంత లావు కడియాలో. మా నాయనమ్మకి ఇలాంటివే ఉండేవి. తీసేస్తే కాలికి మచ్చలు కనబడేవి" అంది. తరవాత రాతికి దగ్గరగా వెళ్ళి, "ఇది మన వసారాలో పరిచిన నాపరాయి రంగే" అంది. నిజమే. పలనాటి సున్నపురాయి అది, కొంచెం పచ్చదనం తిరిగిన తెలుపు. ఆ రంగును లండన్‌లో గుర్తుపట్టిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

ఒక ఫలకం గురించి మాత్రం చెప్పి ముందుకు పోతాను. దాని ఒక పక్కన, క్రీస్తుకు ముందు కాలంలో, బోధివృక్షాన్నీ ఖాళీ ఆసనాన్నీ పూజించే జనాన్ని చెక్కారు. బుద్ధుడి రూపం లేదు. రెండు మూడు వందల ఏళ్ళ తరవాత ఆ రాయినే తిప్పి, వెనకవైపున స్తూపాన్ని చెక్కారు. పాత బొమ్మ గోడవైపుకు వెళ్ళిపోయింది. చెక్కినవాడి మనవడి మనవళ్ళే తిప్పి ఉంటారు. పలకకు రెండో వైపు రాసుకున్నట్టుగా రాతిని వాడుకున్నారని నాన్నగారు బడిపిల్లవాడిలాగా సంబరపడ్డారు.

షాపింగు గురించి చెప్పకపోతే ఈ టపా చదివి మా పిన్ని ఊరుకోదు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీటులో జనాన్ని చూసి నాన్నగారు భయపడ్డారు. పక్కనుంచి వచ్చే మనిషి ఆయనకు తగిలేదాకా కనబడడు. అరగంటలో బయటపడ్డాము. యాత్రికులకు ఒక ముఖ్యమైన సంగతి. ఒకప్పుడు కొన్న వస్తువుల మీద 20 శాతం వ్యాటును ఎయిర్‌పోర్టులో తిరిగి తీసుకునే వీలుండేది. 2021 జనవరి 1 నుంచి దాన్ని ఎత్తేశారు. కాబట్టి "రిఫండు వస్తుందిలే" అన్న ధైర్యంతో బ్యాగులూ గడియారాలూ కొనకండి. చాక్లెట్లు, పిల్లల స్వెట్టర్లు ఎక్కడ కొన్నా ఒకటే. పుస్తకాలకైతే వాటర్లూ వంతెన కింద నది ఒడ్డున బల్లలు పరిచి పాతవి అమ్ముతారు. వాన వచ్చినా వంతెనే గొడుగు. ఛారింగ్ క్రాస్ రోడ్డులో పాత పుస్తకాల దుకాణాలు తగ్గిపోయాయిగాని కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి.

శనివారాల్లో పోర్టబెల్లో రోడ్డు సంత చూడదగినది. పైభాగంలో పాత సామాను, కిందికి దిగినకొద్దీ కూరగాయలు, ఇంకా దిగితే పాత బట్టలు. అక్కడ ఒక బల్ల మీద ఇత్తడి చెంబు కనబడింది అమ్మకి. నలభై పౌండ్లట. అంటే అప్పటి లెక్కన నాలుగు వేల రూపాయల పైమాటే. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, వేలి కణుపుతో కొట్టి మోత విని, తిరగేసి అడుగు చూసింది. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి. తెలుగు కాదు, నాగరి లిపి. నాకు సగమే చదవవచ్చింది. అదొక పేరు. అమ్మ నా చేత బేరమాడించి ఇరవై అయిదుకు దింపింది. అమ్మే పెద్దమనిషి సరేనని కాగితంలో చుట్టబోయాడు కూడా. అప్పుడు వద్దంది. "ఎవరి ఆడపిల్లకో సారెలో పెట్టినదిరా ఇది. వేరే ఇంటి పేరున్న చెంబును మనింట్లో ఎలా పెట్టుకుంటాం?" అంది. ఆయనకు ఈ కారణాన్ని ఇంగ్లీషులో చెప్పడం నావల్ల కాలేదు. క్షమాపణ చెప్పి వచ్చేశాను.

పోర్టబెల్లో నుంచి తూర్పుకు వెస్ట్‌బోర్న్ గ్రోవ్ వెంట నడిస్తే కిల్డేర్ గార్డెన్స్ వస్తుంది. తెల్లని పాత ఇళ్ళ వరసలు, నడుమ చిన్న తోట. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడ కాపురమున్నాడు, 1884 డిసెంబరులో ఇక్కడే పోయాడు. 1829లో వేమన పద్యాలను అచ్చువేసినవాడు, సొంత డబ్బుతో కడపలో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలను శుద్ధప్రతులు రాయించినవాడు, ఉద్యోగం ముగించి ఇంగ్లండు వచ్చేశాక కూడా తెలుగును వదలలేదు. 1865లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడయ్యాడు. ఆ కాలేజీ బ్రిటిష్ మ్యూజియానికి పది నిమిషాల నడక. అమరావతి రాళ్ళు మ్యూజియానికి చేరేనాటికి ఆయన ఇంకా ఈ ఊళ్ళోనే బతికి ఉన్నాడు. వెళ్ళి చూశాడా? నాన్నగారు తోటలో బెంచీ మీద కూర్చుని ఆ విషయమే చాలాసేపు ఆలోచించారు. ఇళ్ళన్నీ ఇప్పుడు ఎవరెవరివో, కాబట్టి తలుపుల దగ్గర నిలబడి ఫొటోలు తీయడం మర్యాద కాదు. బెంచీ మీద కూర్చోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సమాధి ఉన్నది కెన్సల్ గ్రీన్‌లో. 72 ఎకరాల శ్మశానవాటిక, పక్కన కాలువ. రవీంద్రుడి తాతగారు ద్వారకానాథ్ ఠాగూరు కూడా అక్కడే ఉన్నారు. శ్మశానానికి ఆడవాళ్ళు రాకూడదని అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. సమాధి దగ్గర నాన్నగారు చెప్పులు విడిచి గడ్డిలో నిలబడ్డారు. నేనూ విడిచాను. జూలై నెలైనా గడ్డి చల్లగా ఉంది. తిరిగి వస్తూ బస్సులో, "ఇంటికెళ్ళాక నిఘంటువు కాస్త చదివి పెడతావా?" అని అడిగారు. ఆ రాత్రినుంచి రోజూ ఒక పుట చదివేవాణ్ణి. పుస్తకం మన దగ్గర లేకపోయినా ఇంటర్నెట్‌లో ఉంది కదా. వెళ్ళేనాటికి ఇంకా "అ"లోనే ఉన్నాము.

వేసవి ఉత్సవాల్లో నేను ఎవరికైనా మొదట చెప్పేది ప్రామ్స్. 1895లో మొదలై, 1941 బాంబుదాడిలో క్వీన్స్ హాలు కూలిపోయాక రాయల్ ఆల్బర్ట్ హాలుకు మారిన సంగీతోత్సవం. జూలై నడుమనుంచి సెప్టెంబరు నడుమదాకా ఇంచుమించు రోజూ కచేరీ. నిలబడి వినేవారికి ఆ ఏడు 8 పౌండ్లే. కిందనైతే నిలబడాలిగాని, అన్నిటికన్నా పైనున్న గ్యాలరీలో చాలామంది నేలమీదే కూర్చుంటారు, కొందరు పడుకుంటారు కూడా. అమ్మ పంచె ఒకటి పరిచి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "కచేరీ అంటే కింద కూర్చోవడమే కదా" అని. వేదిక నాన్నగారికి కనబడలేదు. నిజానికి అక్కడినుంచి నాకూ పెద్దగా కనబడలేదు. ఆ రెండు గంటలూ మా ఇద్దరి కళ్ళూ సమానమయ్యాయి.

చివరిది నాటింగ్ హిల్ కార్నివాల్. కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడినవారి పండుగ. వీధుల్లో 1966 నుంచి జరుగుతోంది. ఆగస్టు చివరి సోమవారం, దాని ముందరి ఆదివారం. చుట్టుపక్కల దుకాణాలు అద్దాలకు చెక్కలు కొట్టేసుకుంటాయి, దాన్నిబట్టే జనం ఎంతో ఊహించుకోవచ్చు. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవారు ఆదివారం పొద్దున్నే వెళ్ళి, జనం చిక్కబడేలోగా తిరిగి రావాలి. సోమవారం వద్దు. వాళ్ళ విమానం గురువారం. తీసుకువెళ్ళాలా వద్దా అని నేను ఊగిసలాడుతుంటే నాన్నగారే పదమన్నారు.

ఒక వీధి మొగలో, ఇనుప కటకటాలకు ఆనుకుని నిలబడ్డాము. ముందు స్టీల్ పాన్ వాయిద్యాలు వచ్చాయి. నూనె డ్రమ్ముల అడుగును సొట్టలు కొట్టి, ఒక్కొక్క సొట్టకు ఒక్కొక్క స్వరం పలికించే వాద్యం అది. నాన్నగారు చెవి అటు తిప్పి, "జలతరంగమా?" అన్నారు. కాదు, ఇనుము అన్నాను. నమ్మలేదు. ఆ వెనక ఈకల కిరీటాలూ రెక్కలూ కట్టుకున్న ఆడపిల్లల బారులు వచ్చాయి. వీధికి అడ్డంగా అంత వెడల్పు ఉన్నది ఆయన చూపులో ఇమడదు. రంగు మాత్రం మెరుపులాగా వచ్చి పోతుంది. "ఏం రంగులే అవి?" అని అడిగారు.

ఆ పిల్లల ఒంటి మీది బట్టల కొరతను చూసి అప్పటిదాకా తల తిప్పుకుని ఉన్న అమ్మ, కొంగు సవరించుకుని ఇటు తిరిగింది. ఆయన చెవి దగ్గరకు వంగి, ఆ మోతలో వినబడేలా గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. "ఇదుగో ఇది నెమలికంఠం రంగండీ. దాని వెనకది వంగపండు. ఇప్పుడొచ్చేది కనకాంబరం, మన చిన్నదాని ఓణీ రంగు. ఆగండి, ఇంకోటి వస్తోంది, చిలకపచ్చ, అంచు మాత్రం పసుపు.."